వెలుతురు లెక్క తెలిసిన రాజా దీన్ దయాళ్

వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర వేట శిబిరంలో 1902 ఏప్రిల్ ప్రాంతంలో తీసిన ఫొటోలు ఈనాటికీ చరిత్ర పుస్తకాల్లో కనిపిస్తాయి. చచ్చిన పులి నేల మీద పడి ఉంటుంది. దాని దగ్గర వైస్రాయి లార్డ్ కర్జన్, ఆయన భార్య నిలబడి ఉంటారు. అడవిని దులిపి పులిని తోలుకొచ్చిన పల్లె జనం పేర్లు మాత్రం ఎవరూ రాసి పెట్టలేదు. వేట సరదాకు ముందు హైదరాబాద్‌లో పెద్ద వ్యవహారమే జరిగింది. బీరారు ప్రాంతాన్ని శాశ్వతంగా ఇంగ్లీషువారి చేతికి కౌలుకు ఇవ్వాలని కర్జన్ నిజాంను ఒప్పించాడు. ఏడాదికి పాతిక లక్షల రూపాయల కౌలు మీద అదే సంవత్సరం నవంబరులో ఒడంబడిక అయింది.

ఆ వేట ఫొటోలు తీసిన సంస్థ రాజా దీన్ దయాళ్‌ది. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరుగా ఆయన పేరు అప్పటికి దేశమంతా తెలుసు. నిజాం ఏలుబడిలోని ప్రాంతాల ఫొటోలతో 1892లో తయారైన ఆల్బమ్‌లో మన హనుమకొండ గుడి స్తంభాల చిత్రం కూడా ఉంది. వేయి స్తంభాల గుడి నూరేళ్ల కిందట ఎట్లా ఉండేదో చూడాలనుకునేవారికి ఆయన తీసిన చిత్రాలే ఆధారం.

ఎండాకాలంలో మన జిల్లా ఎండ సంగతి చెప్పనక్కరలేదు. ఆ ఎండలో దొరల నెత్తిన తెల్లని టోపీ ఉంటుంది. టోపీ అంచు నీడ ముఖం మీద పడుతుంది. టోపీ సరిగా రావాలంటే ముఖం నల్లబడుతుంది. ముఖం కనిపించాలంటే టోపీ తెల్లగా మాడిపోతుంది. ఇప్పుడు చేతిలో ఫోను పట్టుకున్న కుర్రవాడికి కూడా ఈ తగాదా తెలుసు. కాకపోతే ఇప్పుడు నచ్చకపోతే మళ్లీ తీసుకోవచ్చు. ఆ కాలంలో ఒక గాజు పలక మీద ఒక ఫొటో. ఆ పలక పాడైతే వైస్రాయిని మళ్లీ నిలబెట్టే ధైర్యం ఎవరికి ఉంటుంది?

సర్వే ఆఫీసు నుంచి కెమేరా దాకా

దీన్ దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టారు. జైన కుటుంబం. నగల వ్యాపారం వారి వృత్తి. ఆయన ఆ వృత్తిలోకి పోకుండా రూర్కీలోని థామసన్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివారు. 1866లో ఇందూరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఎస్టిమేటర్‌గా, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. రోడ్డుకు ఎంత ఖర్చు, గోడకు ఎంత రాయి అని లెక్క వేసి, గీత గీసి చూపించడం ఆయన పని. ఈ కొలతల అలవాటే తర్వాత కెమేరాకు పనికి వచ్చిందనుకోవాలి. ఆయన తీసిన ఏ కట్టడం ఫొటో చూసినా స్తంభం నిటారుగా ఉంటుంది, మెట్టు వంకర పోదు.

1874 ప్రాంతంలో ఆయన కెమేరా పట్టారు. అప్పటికి వయస్సు 30. సరదాగానే మొదలుపెట్టారు. ఇందూరు మహారాజు తుకోజీరావు హోల్కర్ ప్రోత్సహించారు. మధ్య భారత సంస్థానాల వ్యవహారాలు చూసే సర్ హెన్రీ డేలీ కూడా అండగా నిలిచారు. 1875-76లో ఇంగ్లండు యువరాజు భారతదేశం పర్యటించినప్పుడు ఫొటోలు తీసే అవకాశం వచ్చింది. సర్కారు కొలువులో ఉన్న ఒక డ్రాఫ్ట్స్‌మన్‌కు అది చిన్న విషయం కాదు.

పది నిమిషాల్లో పని ముగియాలి

ఆ రోజుల్లో ఫొటో తీయడం ఇప్పటిలా మీట నొక్కడం కాదు. గాజు పలకను శుభ్రంగా తుడిచి, దాని మీద కలోడియన్ అనే జిగురు లాంటి ద్రవం పోసి, అన్ని మూలలకూ సమంగా పారేలా పలకను వంచాలి. తర్వాత చీకట్లో వెండి ఉప్పు కలిపిన నీళ్లలో ముంచాలి. అప్పటి నుంచే పలకకు వెలుతురు తగిలితే గుర్తు పడుతుంది. ఆ తడి ఆరకముందే కెమేరాలో పెట్టి ఫొటో తీయాలి. తీసిన వెంటనే మళ్లీ చీకటి డేరాలోకి తెచ్చి మందునీళ్లతో కడగాలి. మొదటి నుంచి చివరి దాకా సుమారు పది నిమిషాలు. ఆరిపోయిందంటే పలక దండగ.

చల్లని దేశంలో పది నిమిషాలు అంటే పది నిమిషాలే. మధ్య భారతంలో మే నెలలో అంత గడువు ఎక్కడిది? అందుకే అప్పటి ఫొటోగ్రాఫర్లు తెల్లవారుజామున పని ముగించుకోవాలని చూసేవారు. డేరా, గాజు పలకల పెట్టెలు, మందు సీసాలు, మూడుకాళ్ల స్టాండు, నీళ్లు, అన్నీ బండ్ల మీద కూలీల చేత మోయించుకుపోవాలి. గుడి అడవిలో ఉంటే సామాను కూడా అడవికి పోవాలి.

ఇంత కష్టపడి తయారు చేసిన పలక మీద ఎంత వెలుతురు పడనివ్వాలి అన్నదే అసలు ప్రశ్న. ఫొటోగ్రాఫర్లు దాన్ని ఎక్స్‌పోజర్ అంటారు. మన చెరువు తూముతో పోలిస్తే సులువుగా అర్థమవుతుంది. పొలం తడవాలి, మునగకూడదు. అందుకు మూడు సంగతులు చూస్తాం. తూము ఎంత తెరిచాం, ఎంతసేపు తెరిచి ఉంచాం, నేల ఎంత నీరు అడుగుతుంది. కెమేరాలో తూము అంటే లెన్సులోని రంధ్రం. తెరిచి ఉంచిన సమయం అంటే లెన్సు మూత తీసి ఉంచిన సెకండ్లు. నేల అంటే గాజు పలక. కొన్ని పలకలు కొద్ది వెలుతురుకే తడుస్తాయి, కొన్ని చాలా అడుగుతాయి. తూము సగం మూస్తే రెండింతల సేపు తెరిచి ఉంచాలి. అంతే లెక్క.

లెక్క ఇంత సులువైతే అందరూ దీన్ దయాళ్‌లే కావాలి గదా. కాకపోవడానికి కారణం ఉంది. తూము పెద్దగా తెరిస్తే సమయం తగ్గుతుంది, కానీ ఒక దూరంలో ఉన్నదే స్పష్టంగా వస్తుంది, దాని ముందూ వెనకా మసకబారుతుంది. మూడు వరుసల్లో జనాన్ని కూర్చోబెట్టి గ్రూపు ఫొటో తీస్తే మొదటి వరుస స్పష్టంగా, చివరి వరుస ముద్దగా వస్తుంది. రంధ్రం చిన్నది చేస్తే అందరూ స్పష్టంగా వస్తారు, కానీ సెకండ్లు పెరుగుతాయి. ఆ సెకండ్లలో ఎవడో ఒకడు తల తిప్పుతాడు. ఏనుగు ఉంటే మరీ కష్టం. మావటి ఎంత అదిమినా ఏనుగు చెవులు ఆడించక మానదు.

అప్పట్లో రంధ్రం మార్చడానికి వేర్వేరు కొలతల రంధ్రాలున్న ఇత్తడి రేకులు ఉండేవి. లెన్సు మధ్యలో ఉన్న సందులోకి కావలసిన రేకు దించాలి. ఒక్కో కంపెనీ ఒక్కో అంకె వేసేది. 1881లో గ్రేట్ బ్రిటన్ ఫొటోగ్రఫీ సంఘం వారు అందరికీ ఒకే అంకెలు ఉండాలని ఒక పద్ధతి ప్రతిపాదించారు. అంకె రెండింతలైతే సమయం రెండింతలు కావాలన్నది అందులోని సూత్రం. అయితే అంకెలు రేకు మీద ఉంటాయి గానీ ఎండ మీద ఉండవు. ఎండ ఎంత ఉందో చూసి తేల్చవలసింది కన్నే.

రాతి బొమ్మల మీద నీడలు

1882-83లో సర్ లెపెల్ గ్రిఫిన్‌తో కలిసి దీన్ దయాళ్ బుందేల్‌ఖండ్, మధ్య భారతం అంతా తిరిగారు. గ్వాలియరు కోట, ఖజురహో గుళ్లు, సాంచి తోరణాలు ఫొటోలు తీశారు. ఆ ఫొటోల్లో 86 చిత్రాలతో 1886లో గ్రిఫిన్ పేరుతో పుస్తకం వచ్చింది. ఆయన పేరు పైకి వచ్చింది ఈ చిత్రాలతోనే.

రాతి గుడి ఫొటో తీయడం మనిషి ఫొటో కన్నా సులువని అనుకుంటారు. రాయి కదలదు నిజమే. కానీ నడినెత్తి ఎండలో తీస్తే చెక్కడం అంతా చదునుగా కనిపిస్తుంది. ఏటవాలు ఎండ పడితేనే బొమ్మ ముక్కూ కన్నూ లేచి నిలబడతాయి. ఏటవాలు ఎండ ఉంటే నీడలు పొడవు, నల్లన. వెలుతురు పడిన రాయికి రెండు సెకండ్లు చాలు అనుకుంటే, నీడలోని బొమ్మకు పది కావాలి. రెంటికీ ఒకే పలక. ఇక్కడ ఆనాటి అనుభవజ్ఞులంతా ఒకే దారి పట్టారు. నీడలో ఉన్నది కనిపించేంత సేపు మూత తీసి ఉంచడం, వెలుతురు ఎక్కువైన చోట కడిగేటప్పుడు సరిచేసుకోవడం. పలక మీద అసలు పడని వెలుతురును ఏ మందూ తేలేదు. ఎక్కువ పడినదాన్ని కొంతవరకు పలచని మందుతో, తక్కువ కడుగుడుతో అదుపు చేయవచ్చు.

గర్భగుడి లోపల, మండపాల్లో సంగతి వేరు. అక్కడ సెకండ్లు కాదు నిమిషాలు. బయటి ఎండను అద్దాలతో, తెల్లని గుడ్డలతో లోపలికి మళ్లించడం అప్పటి ఫొటోగ్రాఫర్లకు అలవాటు. అంతసేపు మూత తీసి ఉంచినప్పుడు ఎవరైనా కెమేరా ముందు నుంచి గబగబా నడిచిపోతే పలక మీద వారి జాడే ఉండదు. పాత గుడి ఫొటోల్లో జనం లేకపోవడానికి ఇదీ ఒక కారణం.

మరో చిక్కు రంగులది. ఆనాటి పలకలకు నీలం రంగు మాత్రమే బాగా కనిపించేది. ఎరుపు, పసుపు దాదాపు నలుపే. అందుకే పాత ఫొటోల్లో ఆకాశం తెల్లకాగితంలా ఉంటుంది, మబ్బు ఉండదు. ఎర్ర రాతి కోట ఉన్నదానికన్నా నల్లగా వస్తుంది. మన మనుషుల గోధుమ, చామన ఛాయలు కూడా కంటికి కనిపించేదానికన్నా నల్లగా వచ్చేవి. పైన కట్టుకున్నది తెల్లని మల్లు పంచె. ఇంగ్లీషు పుస్తకాల్లో రాసిన సెకండ్లు తెల్లవారి ముఖాలకు రాసినవి. ఇక్కడి ముఖానికి సరిపడే సెకండ్లు ఇక్కడివారే కనిపెట్టుకోవాలి. దీన్ దయాళ్ తీసిన నవాబుల ఫొటోలు చూడండి. అంగరఖా మీది జరీ పని కనిపిస్తుంది, ముఖంలో కళ్ల కింది ముడత కూడా కనిపిస్తుంది. దీన్ని గొప్ప అనకుండా ఉండలేం.

కొలువు వదిలిన 40 ఏళ్ల మనిషి

ఇరవై ఏళ్లు సర్కారు కొలువు. నెల జీతం, తర్వాత పింఛను. ఇల్లు, పిల్లలు. అలాంటి మనిషి 1880ల మధ్యలో ఉద్యోగానికి సెలవు పెట్టి, తర్వాత పూర్తిగా వదులుకుని ఫొటోలనే నమ్ముకున్నారు. ఆ కాలంలో ఫొటో స్టూడియోలు చాలావరకు తెల్లవారివి. రాజులు, రెసిడెంట్లు వారి దగ్గరికే పోయేవారు. ఒక భారతీయుడు వారితో పోటీ పడి నిలుస్తాడని చెప్పలేని రోజులు. పని చెడితే వెనక్కి పోవడానికి కుర్చీ లేదు.

ఆ సమయంలోనే చేతికి కొత్త సాధనం వచ్చింది. తడి పలకల స్థానంలో ఎండు పలకలు మార్కెట్‌లోకి వచ్చాయి. జెలటిన్ పూత వేసి, ఆరబెట్టి, పెట్టెల్లో కట్టి అమ్మేవారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి వాడుకోవచ్చు, కడగడం రాత్రికి చేసుకోవచ్చు. వీటికి వెలుతురు చాలా తక్కువ చాలు. సెకండ్లు పోయి సెకండులో చిన్న వంతులు వచ్చాయి. చేతితో మూత తీసి పెట్టడం కుదరదు కనుక షట్టర్లు వచ్చాయి. 1885-86 శీతకాలంలో ఢిల్లీ దగ్గర జరిగిన సైన్యం విన్యాసాలను దీన్ దయాళ్ ఈ పద్ధతిలో ఫొటోలు తీశారు. కదిలే దళాలను పలక మీద నిలబెట్టడం అప్పటికి చూసినవారికి వింత.

కానీ పాత లెక్క మరిచిపోవాలి. పది సెకండ్లకు అలవాటైన చేయి ఎండు పలక మీద ఒక్క సెకండు ఉంచినా ఫొటో కాలిపోతుంది. చాలామంది పాతవారు ఇక్కడ తడబడ్డారు. పైగా మన వేడికి జెలటిన్ మెత్తబడి పలక అంచుల నుంచి పూత లేచి వచ్చేది. పటిక నీళ్లలో ముంచి గట్టిపరిచేవారు. రాత్రి చల్లబడ్డాక, తెల్లవారక ముందు కడిగేవారు.

1885 ప్రాంతంలో ఆయనకు రెండు పదవులు దక్కాయి. వైస్రాయి లార్డ్ డఫ్రిన్‌కు ఫొటోగ్రాఫరుగా ఒకటి, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరుగా మరొకటి. అప్పటికి నిజాం వయస్సు 20 లోపు. దీన్ దయాళ్ మకాం దక్కనుకు మారింది. 1886లో సికిందరాబాద్‌లో స్టూడియో తెరిచారు. కుమారులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్‌లు పనిలో కలిశారు. రాజా దీన్ దయాళ్ అండ్ సన్స్ అన్న పేరు పడింది.

ఘోషా స్టూడియో

సికిందరాబాద్, హైదరాబాద్‌లలో ఆయన తీయనిది లేదు. చార్మినార్, చౌమహల్లా, నవాబుల దేవిడీలు, ఊరేగింపులు, పెళ్ళిళ్లు, వేటలు, సైన్యం కవాతులు. ఫలక్‌నుమా ప్యాలెస్ లోపలి గదులు కూడా తీశారు. ఇలాంటి గదుల్లో ఫొటో తీయడం అంటే పరీక్షే. కిటికీలోంచి ఎండ కళ్లు చెదిరేలా, గోడకు ఉన్న కర్ర పని నల్లగా. అద్దాల్లో కెమేరానే కనిపించే ప్రమాదం. కెమేరాకు ఎదురుగా ఉన్న కిటికీలు మూయించి, పక్కవి తెరిపించి, కొన్ని నిమిషాల పాటు ఓపికగా కాచుకోవడం తప్ప వేరే ఉపాయం లేదు.

స్టూడియోలో ఫొటో అంటే ఆ రోజుల్లో దీపాలు ఉండవు. పైకప్పు అద్దాలతో, ఉత్తరం వైపు వాలుగా ఉండేది. ఉత్తరపు వెలుతురు రోజంతా ఒకేలా ఉంటుందని ఆ ఏర్పాటు. తెరలు లాగి, వదిలి వెలుతురును పంచేవారు. ముఖానికి ఒక వైపు ఎక్కువ, మరో వైపు తక్కువ. మనిషి కదలకుండా తల వెనుక ఇనుప కొయ్య ఆసరా. పాత ఫొటోల్లో అందరూ బిగుసుకుని ఉంటారని మనం నవ్వుకుంటాం గానీ, వెనుక ఇనుప పట్టు ఉంటే ఎవరైనా బిగుసుకుంటారు.

1892లో హైదరాబాద్‌లో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా స్టూడియో తెరిచారు. మగవారికి ప్రవేశం లేదు. కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు మహిళకు దాని బాధ్యత అప్పగించారు. పరాయి మగవాడి కంట పడకూడదన్న కుటుంబాల స్త్రీలు అక్కడికి వచ్చి ఫొటో తీయించుకున్నారు. ఘోషాలో ఉన్న స్త్రీ తన ముఖం తాను కాగితం మీద చూసుకోవడం ఆ కాలానికి ఎంత పెద్ద సంగతో ఇప్పటివారు ఊహించుకోవలసిందే. ఆ ఏర్పాటు చేయడానికి వ్యాపారం ఒక కారణం కావచ్చు. అయినా చేసిన పని మంచిదే.

నిజాం ఆయనకు ముసవ్వర్ జంగ్ అన్న బిరుదు, రాజా బహదూర్ హోదా ఇచ్చారు. ముసవ్వర్ అంటే చిత్రకారుడు. విక్టోరియా రాణి నుంచి కూడా ఫొటోగ్రాఫరుగా నియామకం అందింది. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆయన చిత్రాలకు గుర్తింపు లభించింది. 1896లో బొంబాయిలో కూడా స్టూడియో పెట్టారు.

రాజుల ఫొటోగ్రాఫరని ఆయనను తేలిగ్గా తీసేసేవారూ ఉన్నారు. మాటలో కొంత నిజం ఉంది. పలకలు, మందులు, కూలీలు అన్నిటికీ డబ్బు కావాలి, డబ్బు ఉన్నవారి బొమ్మలే ఎక్కువ వస్తాయి. పల్లెలో నాగలి పట్టిన రైతుకు ఫొటో తీయించుకునే స్తోమతు ఎక్కడిది? అయినా కరువు కాలంలో నిజాం సర్కారు సాగించిన సహాయ పనుల దృశ్యాలు కూడా ఆయన సంస్థ తీసింది. సర్కారు మంచితనం చూపించడానికే తీయించి ఉండవచ్చు. పలక మాత్రం తన ముందు ఉన్న ఎముకల గూళ్లను దాచలేదు. విందు బల్లకు పడిన వెలుతురే అక్కడా పడింది.

గాజు పలకల గతి

దీన్ దయాళ్ 1905 జూలై 5న మరణించారు. వయస్సు సుమారు 61. సంస్థను కుటుంబం నడిపింది. కాలం మారింది. చేతిలో ఇమిడే కెమేరాలు, ఫిల్ము చుట్టలు వచ్చాయి. ఫొటో కోసం రాజును కనిపెట్టుకుని ఉండవలసిన అవసరం తగ్గింది.

ఆయన పలకల్లో చాలా పగిలిపోయాయి, చెదిరిపోయాయి. గాజు గాజే గదా. మిగిలినవాటిలో 2,857 పలకలను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో సేకరించి భద్రపరిచింది. 2006లో భారత తపాలా శాఖ ఆయన పేరిట హైదరాబాద్‌లో తపాలా బిళ్ల విడుదల చేసింది.

పలకను చేతిలో పట్టుకుని చూస్తే అన్నీ తలకిందులు. తెల్లని టోపీ నల్లగా, నల్లని నీడ తెల్లగా ఉంటుంది. వెలుతురు ఎక్కువ పడిన పలక చిక్కగా నల్లబడి దీపానికి పట్టినా ఏమీ కనిపించదు. తక్కువ పడినది కిటికీ అద్దంలా బోసిగా ఉంటుంది. దీన్ దయాళ్ పలకల నుంచి నూరేళ్ల తర్వాత కూడా కాగితం మీద చిత్రాలు వేయగలుగుతున్నారంటే, ఆనాడు ఆయన లెన్సు మూత తీసి మనసులో ఒకటి, రెండు, మూడు అని పెట్టుకున్న లెక్క సరిగ్గా కుదిరినందువల్లనే.